ఔలీయా, సోలంగా?

మన వాడుక భాషలో మంచుకు ఒకటే మాట. తెల్లవారుజామున గడ్డిపరకపై నిలిచిన బిందువు మంచే. ధనుర్మాసములో ఎదుటి మనిషి కానరాకుండ కమ్ముకొను పొగయు మంచే. హిమాలయములపై దూదివలె రాలి మోకాలిలోతున పేరుకొనునదియు మంచే. మొదటి రెండింటితోనే మనకు పరిచయము గనుక మూడవదానికి వేరుపేరు పెట్టవలసిన అవసరము మన పెద్దలకు కలిగినట్లు లేదు.

ఇప్పుడు ఆ మూడవ మంచును చూడవలెనను కోరిక మన ఇండ్లలో బలపడినది. లంబసింగికి తెల్లవారుజామున పోయి, చలికి వణకి, కాఫీ త్రాగి వచ్చినవారికి అది చాలుట లేదు. మంచుపై నడువవలెననియు, చేతనైనచో స్కీలు కట్టుకొని జారవలెననియు పిల్లల పట్టు. "ఔలీకి పోదుమా, సోలంగుకు పోదుమా? ఏది బాగుండును?" అని నన్నడిగిన మిత్రులు పలువురు కలరు. రెండును చిన్న చోటులే. ఔలీ ఉత్తరాఖండములో జోషీమఠమునకు పైన నున్నది. సోలంగు హిమాచల ప్రదేశములో మనాలికి సుమారు 14 కిలోమీటర్ల దూరమున నున్నది. కాశ్మీరములోని గుల్మర్గు సంగతి వేరు. అక్కడి రోప్‌వే నాలుగువేల మీటర్లకు చేరువగా పోవును. అది ఆరితేరినవారిని పిలుచు కొండ. మొదటిసారి మంచుపై కాలు పెట్టు తెలుగు కుటుంబమునకు ఈ రెండు చిన్న చోటులే తగినవని నా అభిప్రాయము.

ఏది అందముగా నుండునని అడిగినచో జవాబు తేలిక. ఔలీ. అందులో సందేహము లేదు. కాని ఆ జవాబును పట్టుకొని టిక్కెట్లు కొన్నచో నాలుగు రోజుల సెలవులో మూడు రోజులు కారులోనే గడచిపోవచ్చును. కనుక ముందుగా తేల్చుకొనవలసినవి రెండు. మీ చేతిలో ఎన్ని దినములున్నవి? మీరు మంచును చూచుటకు పోవుచున్నారా, స్కీ నేర్చుకొనుటకు పోవుచున్నారా?

స్కీ యనగా నేమో ఒక్కమాట చెప్పవలెను. పాదమునకు గట్టి బూటు. దాని క్రింద మనిషి ఎత్తుకు కొంచెము తక్కువగా నుండు సన్నని పలక. రెండు చేతులలో రెండు కర్రలు. వాలుపై నిలిచినంతనే పలక జారును. జారుట ఎవరును నేర్పనక్కరలేదు, భూమ్యాకర్షణయే నేర్పును. నేర్చుకొనవలసినది ఆగుట. పలకల ముందుమొనలను దగ్గరకు చేర్చి, వెనుకచివరలను ఎడముగా తెరచి, లోపలి అంచులను మంచులోనికి నొక్కినచో వేగము తగ్గును. నాగలి మట్టిని పక్కలకు త్రోసినట్లు ఆ ఆకారము మంచును త్రోయును గనుక దానికి మంచునాగలి యని పేరు. ఇది పట్టుబడుటకు సామాన్యునకు రెండు మూడు దినములు పట్టును. మొదటి దినమంతయు పడుట, పడినచోటనుండి లేచుట, పక్కవాటుగా మెట్టు మెట్టుగా వాలు నెక్కుట, వీనితోనే సరిపోవును. సాయంత్రమునకు తొడలు పట్టివేయును. మూడవదినమో నాలుగవదినమో ఒక్క వంపు తిరిగి, పడకుండ నిలిచినప్పుడు కలుగు ఆనందము వేరు. ఆ ఆనందము కావలెనన్నచో ఒకేచోట వరుసగా కనీసము నాలుగు దినములు మంచుపై గడుపవలెను. గంటసేపు అద్దెపలకలు తగిలించుకొని, ఒకడు ముందు లాగుచుండ, మరొకడు వెనుక పట్టుకొనగా పదిగజములు జారి ఫొటో దిగుటయు కలదు. అది తప్పు కాదు. కాని దానిని స్కీ యనరాదు.

ఔలీ సుమారు 2,500 మొదలు 3,050 మీటర్ల ఎత్తువరకు వ్యాపించిన వాలు. ఆంధ్రదేశములోని తూర్పు కనుమల శిఖరములు 1,700 మీటర్లు మించవని జ్ఞాపకము చేసికొన్నచో ఆ ఎత్తు ఎంతటిదో తెలియును. వేసవిలో అది పచ్చికబయలు. గఢ్వాలీలు అట్టి బయళ్లను బుగ్యాల్ అందురు. శీతకాలములో ఆ పచ్చికయే స్కీ మైదానమగును. ఇరుప్రక్కల సింధూర వృక్షములు, దేవదారులు నుండుటచే గాలి తాకిడి కొంత తగ్గును. వాలు ఉత్తరముఖముగా నుండుటచే ఎండ నేరుగా పడక, పడిన మంచు ఎక్కువ దినములు నిలుచును. భారత-టిబెట్ సరిహద్దు పోలీసు దళమువారి పర్వతారోహణ, స్కీ శిక్షణ సంస్థ ఇచ్చటనే యున్నది. 2011 జనవరిలో జరిగిన మొదటి దక్షిణాసియా శీతకాల క్రీడలలో స్కీ పోటీలు ఇక్కడనే జరిగినవి. ఆ సందర్భముననే కృత్రిమముగా మంచు తయారుచేయు యంత్రములను, వానికి నీరిచ్చుటకు ఒక సరస్సును ఏర్పరచిరి. వాలు పైకి మనుష్యులను చేర్చుటకు సుమారు 800 మీటర్ల కుర్చీ లిఫ్టు కలదు. గఢ్వాల్ మండల వికాస్ నిగమ్ వారు ఏడు దినముల, పదునాలుగు దినముల శిక్షణలు నడపుచున్నారు. నేర్చుకొనవలెనని నిశ్చయించుకొన్నవారికి ఇంతకన్న అనువైన చోటు ఈ రెండింటిలో లేదు. వాలు పొడవైనది, ఒకసారి పైనుండి బయలుదేరినచో వంపు తరువాత వంపు తిరుగుటకు చోటున్నది.

ఇక ఎదుట కనబడునది నందాదేవి. 7,816 మీటర్లు. పూర్తిగా భారత భూభాగములోనే యున్న శిఖరములలో ఇదియే అత్యున్నతము. ప్రక్కన ద్రోణగిరి. సంజీవని కొరకు ఆంజనేయుడు పెకలించినది ఈ కొండ భాగమేయని అచ్చటివారి నమ్మకము. ఆ కొండ క్రింది ద్రోణగిరి గ్రామస్థులు నేటికిని హనుమంతుని పూజింపరు. తమ కొండను తమ నడుగక తీసికొనిపోయెనని వారి కోపము. వాడవాడల ఆంజనేయుని గుడిగల మనకు ఈ సంగతి విన్నప్పుడు నవ్వును ఆశ్చర్యమును ఒకేసారి కలుగును.

అయితే అక్కడికి చేరుట యెట్లు? హైదరాబాదు నుండి గాని విజయవాడ నుండి గాని ఢిల్లీ, అక్కడినుండి హరిద్వారము లేక ఋషీకేశము. ఇందుకొక దినము పోయినది. ఋషీకేశము నుండి జోషీమఠమునకు సుమారు 250 కిలోమీటర్లు. మన మైదానములో ఇది నాలుగైదు గంటల దారి. అచ్చట తెల్లవారుజామున బయలుదేరినచో సాయంకాలమునకు చేరినవారు అదృష్టవంతులు. రాత్రివేళ ఆ కొండదారిలో ప్రయాణము మానుట మంచిది. దేవప్రయాగ, రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగ దాటి పోవు ఆ దారి బదరీనాథునకు పోవు దారియే గనుక, వేసవిలో యాత్ర చేసిన తెలుగువారు వేలకొలది దాని నెరుగుదురు. మరునాడు జోషీమఠమునుండి ఔలీకి. తిరుగు ప్రయాణము ఇంతియే. కనుక ఎనిమిది దినముల సెలవు పెట్టినవారికి మంచుపై మిగులునది మూడు నాలుగు దినములు. ఏడు దినముల శిక్షణకు చేరువారు పండ్రెండు మొదలు పదునాలుగు దినములు ఇల్లు విడువవలెను.

ఔలీని గూర్చి మాట్లాడునప్పుడు జోషీమఠమును గూర్చి మాట్లాడకుండుట న్యాయము కాదు. సుమారు 1,900 మీటర్ల ఎత్తున నున్న ఆ పట్టణము ఆదిశంకరుల పేరుతో ముడిపడిన జ్యోతిర్మఠము. శీతకాలములో బదరీనాథ ఆలయము మూతపడగా శంకరుల గద్దెను ఇచ్చటి నరసింహాలయమునకు తెచ్చెదరు. సింహాచలము, అహోబిలము, యాదగిరిగుట్ట దర్శించిన మనకు ఆ స్వామి క్రొత్తవాడు కాడు. ఆ విగ్రహము చేయి నానాటికి సన్నబడుచున్నదనియు, అది రాలిపోయిన నాడు బదరీ మార్గము మూసికొనిపోవుననియు ఒక ఐతిహ్యము కలదు.

ఐతిహ్యమును నమ్మినను నమ్మకున్నను, ఆ ఊరి నేల కుంగుట మాత్రము కన్నులార చూచిన సత్యము. ఊరు నిలిచినది గట్టి రాతిపై కాదు. పూర్వమెన్నడో విరిగిపడిన కొండచరియల శిథిలముపై. 1976లోనే ప్రభుత్వము నియమించిన మిశ్రా సంఘము ఈ సంగతి చెప్పి, భారీ నిర్మాణములు కూడదనియు, పెద్ద బండలను పేల్చరాదనియు, నీరు నేలలోనికి ఇంకకుండ కాలువలు కట్టవలెననియు హెచ్చరించెను. తరువాత యాత్రికులు పెరిగిరి, అంతస్తులు పెరిగినవి, మురుగుకాలువలు మాత్రము పెరుగలేదు. 2023 జనవరిలో 800కు పైగా భవనములు బీటలు వారినవి. వందలాది కుటుంబములను ఇండ్లు ఖాళీ చేయించిరి. ఒకదానిపై నొకటి ఒరిగిన రెండు హోటళ్లను కూల్చివేసిరి. సమీపముననున్న జలవిద్యుత్తు సొరంగమే కారణమని ఊరివారును, కాదని దాని నిర్మాతలును వాదించిరి. జోషీమఠము నుండి ఔలీకి నాలుగు కిలోమీటర్ల పొడవున సాగు రోప్‌వేను ఆ నెలలోనే నిలిపివేసిరి. దానిని నమ్ముకొని కార్యక్రమము వేసికొనరాదు. మెలికల రోడ్డుపై మోటారులో పోవలెను. మంచు గట్టిపడిన దినములలో చక్రములకు గొలుసులు కట్టుదురు.

అట్టి ఊరిమీదుగా వినోదమునకు పోవచ్చునా? ఈ ప్రశ్న నన్ను వేధించినది. పోరాదని కొందరి వాదము. వారి వాదములో బలమున్నది. కాని ఆ ఊరి బ్రదుకుతెరువు వేసవిలో యాత్రికులు, శీతకాలములో స్కీకి వచ్చువారు. ఇల్లు బీటవారిన మనిషికి జీవనము కూడ పోవుట రెండవ దెబ్బ. కనుక పోవుటయే మేలని నేను తలంచుచున్నాను. అయితే పోవువిధమున్నది. అంతస్తుల హోటలు కాక, ఇంటివారే రెండు గదులు అద్దెకిచ్చు చోట దిగవలెను. నీరు తగుమాత్రము వాడవలెను. అచ్చట పారబోసిన ప్రతి బిందెడు నీరును కొండలోనికే ఇంకునను మాట మరువరాదు. ఏ వీధి క్షేమమో ఊరివారికే బాగుగా తెలియును; వారి నడిగి బస చేయవలెను. భోజనమునకు మండువా రొట్టె దొరకును. మండువా యనగా మన రాగులే.

సోలంగు సంగతి ఇంతటి చిక్కులది కాదు. ఢిల్లీలో సాయంకాలము ఓల్వో బస్సెక్కి నిద్రపోయినచో, దారి బాగున్నప్పుడు మరునాటి ఉదయమునకు మనాలి. మధ్యాహ్నము విశ్రాంతి. ఆ మరునాడు అరగంటలోనో గంటలోనో సోలంగు. ఐదారు దినముల సెలవులో రెండు మూడు దినములు మంచుపై గడుపవచ్చును. చిన్న పిల్లలు, అమ్మమ్మ తాతయ్యలు ఉన్న కుటుంబమునకు ఇది పెద్ద లాభము. మనాలి పెద్ద ఊరు. వైద్యుడున్నాడు, మందులంగడి యున్నది, అన్నము పప్పు దొరకును. పిల్లలకు సిద్దూ అను ఆవిరిపై నుడికిన గోధుమ రొట్టె నచ్చును.

సోలంగు లోయ సుమారు 2,500 మీటర్ల ఎత్తున నున్నది. అడుగున విశాలమైన బయలు, కొద్ది వాలు. మొదటిసారి స్కీలు కట్టువానికి భయము కలుగదు. ప్రక్కనుండి సుమారు 1.3 కిలోమీటర్ల రోప్‌వే కొండపైకి పోవును. పెద్దలు శ్రమ లేకుండ పైకి పోయి చూచి రావచ్చును. మనాలిలోని అటల్ బిహారీ వాజపేయి పర్వతారోహణ సంస్థవారు శీతకాలములో ఇక్కడ స్కీ శిక్షణలు నడపుదురు. ఈ లోయ స్కీకి వట్టి తమాషాచోటు కాదనుటకు ఇంకొక నిదర్శనము కలదు. 2018 జనవరిలో తుర్కీలోని ఎర్జురమ్ నగరములో స్కీ పోటీలో కాంస్య పతకము గెలిచి, స్కీలో భారతదేశమునకు మొదటి అంతర్జాతీయ పతకము తెచ్చిన ఆంచల్ ఠాకూర్ సోలంగుకు చేరువలోని బురువా గ్రామమువారే.

కాని సెలవుదినములలో అక్కడికి పోయినవారికి కనబడునది వేరు. మనాలి నుండి దారిపొడవున కోట్లు, రబ్బరు బూట్లు అద్దెకిచ్చు దుకాణములు. ప్రతి దుకాణమునకు ఒక అంకె. మోటారు నడుపువాడు ఏ అంకె దగ్గర ఆపునో అచ్చటనే మీరు కోటు తీసికొనవలెనని అతని అభిప్రాయము. బయలు చేరగానే గుఱ్ఱములవారు, జడలబర్రెపై కూర్చుండి ఫొటో దిగుమనువారు, టైరులో కూర్చుండబెట్టి జార్చువారు, స్కీలవారు చుట్టుముట్టుదురు. ధర ముందే, ఎంతసేపటికో, మనిషికో కుటుంబమునకో స్పష్టముగా మాట్లాడుకొనవలెను. బూటు కాలికి సరిపోవుచున్నదా, పడినప్పుడు పలక బూటునుండి ఊడివచ్చుచున్నదా యని చూచికొనవలెను. ఊడని పలక మోకాలిని మెలిపెట్టును. ఈ ఒక్క విషయములో బేరము చూడరాదు.

2020 అక్టోబరులో 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగము తెరచిన తరువాత సోలంగు దారిపై మోటారుల రద్దీ బాగుగా పెరిగినది. 2024 డిసెంబరు చివరివారములో హఠాత్తుగా మంచు కురియగా ఆ దారిలో వేయికి పైగా వాహనములు చిక్కుకొనగా పోలీసులు రాత్రింబవళ్లు శ్రమించి జనమును క్రిందికి చేర్చిరి. 2023 జూలైలో బియాస్ నది పొంగి మనాలి రహదారిని పలుచోట్ల కోసివేసినది. కనుక ఔలీదారి కష్టము, సోలంగుదారి సుఖము అను మాటను కూడ కొంచెము తగ్గించి తీసికొనవలెను. క్రిస్మసుకు, నూతన సంవత్సరమునకు మధ్య సోలంగుకు పోవలదని నా గట్టి సలహా.

మన కుటుంబములకు అసలు చిక్కు పంచాంగముతో వచ్చును. మన పిల్లలకు సెలవులు సంక్రాంతికి. మంచు నమ్మకముగా నుండునది జనవరి చివర మొదలు ఫిబ్రవరి చివరవరకు. మార్చిలో పరీక్షలు. వేసవి సెలవులలో ఈ రెండు చోటులందును మంచుండదు. మే నెలలో మంచు చూడవలెనన్నచో మనాలిపైన 3,978 మీటర్ల రోహ్‌తాంగు కనుమకు ఎక్కవలెను. పూర్వము సంక్రాంతికే మంచు దండిగా నుండెడిదని అచ్చటి వృద్ధులు చెప్పుదురు. ఇటీవల అది ఆలస్యమగుచున్నది. 2024 జనవరిలో పశ్చిమ హిమాలయమంతయు చాలవరకు వట్టిగా నుండెను. నెలాఖరుకు గాని మంచు రాలేదు. 2023 ఫిబ్రవరిలో ఔలీలో జరుగవలసిన జాతీయ పోటీలు మంచు చాలక రద్దయినవి. మరి యంత్రములు లేవా యని మీరడుగవచ్చును. గాలి చల్లగా నున్నప్పుడే యంత్రము నీటిని మంచు చేయగలదు. వాతావరణమే వెచ్చబడినప్పుడు యంత్రమేమి చేయును? కనుక కుదిరినచో బడికి నాలుగు దినములు సెలవుచీటీ వ్రాసి ఫిబ్రవరి మొదటివారములో పొండు. ఉపాధ్యాయులు నన్ను క్షమింతురు గాక.

బట్టల సంగతి క్లుప్తముగా చెప్పెదను. నూలుబట్ట తడిసినచో ఆరదు, ఒంటిని చల్లబరచును. లోపల ఉన్ని, పైన తడి చొరని కోటు. రెండు జతల ఉన్ని మేజోళ్లు. మంచుపై ఎండ రెట్టింపు తీక్ష్ణము గనుక నల్లకళ్లద్దములు పిల్లలకు కూడ తప్పవు. సముద్రతీరమునుండి పోవువారు మొదటిదినము పరుగులు పెట్టరాదు. తలనొప్పి, వాంతులు ఎక్కువైనచో తడవు చేయక క్రిందికి దిగవలెను. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు బయలుదేరకముందే వైద్యుని అడుగవలెను. ఇంకొకటి. చలికి ఓర్వలేక, మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రపోరాదు. దాని విషవాయువుకు వాసన లేదు. ఏటేట ప్రాణములు తీయుచున్నది.

పదునెనిమిదేండ్ల కుమారుడో కుమార్తెయో నిజముగా నేర్చుకొందునన్నచో ఔలీ శిక్షణకు పంపుడు. తలిదండ్రులు వెంట పోనక్కరలేదు. ఇంటిల్లిపాది ఐదు దినములకు బయలుదేరినచో సోలంగు. ఆలుమగలిరువురే, పదిదినముల తీరిక గలవారు, ఇదివరకు మనాలి చూచినవారు, మారుమాట లేకుండ ఔలీ. డెబ్బదియేండ్ల తల్లికి నరసింహ దర్శనము చేయింపవలెనను కోరిక యున్నచో ఔలీయే, కాని శీతకాలములో కాదు. ఆమెను వేసవిలో, బదరీయాత్రతో కలిపి తీసికొనిపొండు.

బయలుదేరుటకు రెండు దినముల ముందు దిగబోవు ఇంటికి టెలిఫోను చేసి, "మంచున్నదా?" యని కాదు, "ఈ ఉదయము మీ గుమ్మము ముందు మంచు ఎంత లోతున్నది?" అని అడుగుడు. మొదటి ప్రశ్నకు అందరును ఉన్నదనియే చెప్పుదురు. లేదని తేలినచో రెండు చోటులకు ఒక భేదము కలదు. సోలంగులో మంచు లేనప్పుడు సొరంగము దాటి ఆవలనున్న సిస్సూకు పోవచ్చును. అది ఇంకను ఎత్తైనది గనుక అక్కడ మంచు దొరకు అవకాశము హెచ్చు. ఔలీలో మంచు లేనప్పుడు జారుటకు వేరుచోటు లేదు. ఎండిన పచ్చికపై కంబళి పరచుకొని నందాదేవికి ఎదురుగా కూర్చుండవలెను. సాయంకాలము ఐదుగంటల వేళ ఆ శిఖరము గులాబిరంగునకు తిరుగును.